సంపూర్ణమ్మ రిబ్బను కోసిన రోజు

సంపూర్ణమ్మ అంటు కడితే గొడుగు కర్ర కూడా చిగురేస్తుందని కడియం నర్సరీల్లో చెప్పుకునేవారు. ఆవిడ కట్టిన మామిడి మొక్కలతో వెళ్తున్న లారీ ఒకటి నాగపూర్ దగ్గర చెడిపోతే, అది బాగయ్యేలోపు డ్రైవరు ఆ మొక్కలు కాసిన కాయలతోనే ఆవకాయ పెట్టుకున్నాడని కూడా అనేవారు. ఇందులో నిజమెంతంటే, లారీ చెడిపోయింది.

ఆవిడ ఓర్పు గురించి మాత్రం ఎవరూ పెంచి చెప్పనక్కర్లేదు. పాతికేళ్ళుగా పీట మీద కూర్చుని, టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, మంచి రకం పుల్లను చెక్కి అందులో దించి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టి, వానాకాలమంతా రోజుకు రెండొందల అంట్లు కట్టేది. చర్చిలో స్త్రీల సమాజానికి ఓర్పు మీద ఎవరైనా మాట్లాడాలంటే పాస్టరుగారు ఆవిడ వైపే చూసేవారు.

ఆ ఓర్పుకి చిల్లు పెట్టింది తోడికోడలు పాపాయి. యానాం వైపు నుంచి వచ్చిన పిల్ల. రెండేళ్ళ క్రితం వరకూ దానికి మామిడి చెట్టంటే కాయలు కోసుకునేదని మాత్రమే తెలుసు. పని నేర్పింది సంపూర్ణమ్మే. "కట్టాక ముట్టుకోకు. ఓర్పుండాలి" అని మొదటి రోజే చెప్పింది.

తొంభైయారు తుఫానుకి చర్చి ముందున్న మామిడి చెట్టు కూలిపోయింది. మరుసటేడు వానల్లో పాస్టరుగారు ఇద్దరినీ పిలిచారు.

"చెరొక కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు కట్టండమ్మా. ఏది బాగా వస్తే దాన్ని నవంబరులో మన చర్చి కోత పండుగనాడు ఆ చోట నాటిద్దాం, కట్టినవాళ్ళ చేతే."

ఆ చోటు తనదేనని సంపూర్ణమ్మకి అనుమానం లేదు. పక్కన పాపాయిని నిలబెట్టినందుకే ఒళ్ళు మండింది.

పద్దెనిమిదో రోజున పాపాయి అంటు చిగురేసింది. సంపూర్ణమ్మది వెయ్యలేదు.

"చూడండక్కా, ఎంత ఎర్రగా ఉందో. మీరు నేర్పిందే" అంది పాపాయి.

"తొందరపడి వచ్చిన చిగురు నిలబడదులే" అంది సంపూర్ణమ్మ.

మర్నాటి నుంచి ఆవిడ తెల్లారగానే తన అంటు దగ్గరకెళ్ళి, రిబ్బను సడలించి, లోపల అతుక్కుందో లేదో చూసి మళ్ళీ చుట్టేది. అన్నేళ్ళలో ఏ మొక్కకీ ఆ పని చేసి ఎరగదు. భర్త చిట్టియ్య పళ్ళు తోముకుంటూ రెండు రోజులు చూశాడు.

"పొదిగే కోడిని రోజూ లేపి గుడ్డు చూస్తావేంటే?"

"మీకెందుకండి? మీ పళ్ళు మీరు తోముకోండి."

అయిదో రోజుకి పుల్ల నల్లబడింది. ఎవరూ చూడకుండా ఇంకోటి కట్టింది. అది బతికింది గాని, అక్టోబరు దాటుతున్నా మూడు ఆకుల దగ్గరే ఆగిపోయింది. పాపాయిది జానెడు ఎత్తు ఎదిగింది.

ఆ ఆదివారం స్త్రీల సమాజంలో సంపూర్ణమ్మ ఓర్పు మీద మాట్లాడింది. ప్రేమ ఎంత ఓర్చుకుంటుందో వాక్యం తీసి చదివింది. ఆ వెంటనే ప్రేమ అసూయపడదన్న మాట ఉంది. అక్కడికి రాగానే కళ్ళజోడు తీసేసి, "చూపు ఆనట్లేదమ్మా, ప్రార్థన చేసుకుందాం" అంది.

సంపూర్ణమ్మ ఇంటికొస్తూ పాపాయి వాళ్ళ వాకిట్లో ఆగింది. మొక్క ఆకులు కాస్త పాలిపోయాయి. వంగి చూసింది. రిబ్బను బెరడులోకి దిగిపోయింది. అంటు అతుక్కున్నాక రిబ్బనుని బ్లేడుతో కోసెయ్యాలి, లేకపోతే కాండం లావెక్కే కొద్దీ అదే పీక నులిమేస్తుంది. నర్సరీలో మొక్కలన్నిటికీ ఆ కోత సంపూర్ణమ్మే కోసేది. పాపాయికి నేర్పలేదు. కొంత మరిచిపోయి, కొంత మరిచిపోవాలనిపించి.

ఇప్పుడు తను చెడ్డపని ఏదీ చెయ్యనక్కర్లేదు. కోత పండుగ దాకా రెండు వారాలు నోరు మూసుకుని ఓర్చుకుంటే చాలు. ఓర్పు ఆవిడకి ఎప్పుడూ ఇంత కమ్మగా అనిపించలేదు. మూడు రోజులు కడుపునిండా అన్నం తింది.

నాలుగో రోజు పాపాయి మొక్కని చంకనెత్తుకుని వచ్చింది.

"ఆకులు వాడిపోతున్నాయక్కా. బావగారు ఎరువెయ్యమన్నారు. మీరు ముట్టుకోవద్దన్నారు కదా, నేను చెయ్యి పెట్టలేదు. ఇంకా ఓర్చుకోమంటారా?"

సంపూర్ణమ్మ ఆ మొహంలోకి చూసింది. వెక్కిరింత ఉంటుందేమోనని వెతికింది. ఉంటే బాగుండేది. లేదు.

లేచి చూరులోంచి బ్లేడు తీసింది.

"కూర్చో. సరిగ్గా చూడు." రిబ్బనుకి వెనకవైపు నిలువుగా ఒక్క గాటు పెట్టింది. రిబ్బను విడిపోయి, బెరడు మీద ఉంగరంలా గాడి కనిపించింది. "ఇది ముందే చెప్పాలి నీకు."

"మర్చిపోయుంటారక్కా."

"మర్చిపోలేదు. ఆదివారమే చూశాను."

పాపాయి మొక్కని దగ్గరకు లాక్కుని, "బ్లేడు ఒకటి నాకూ ఇవ్వండి" అంది.

కోత పండుగనాడు పాపాయే నాటింది. సంపూర్ణమ్మ నీళ్ళ బిందె పట్టుకుని పక్కన నిలబడింది. అందరూ పాపాయిని మెచ్చుకుంటుంటే నవ్వీ నవ్వీ ఆవిడ దవడలు నొప్పెట్టాయి. పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే, కానుకలుగా వచ్చిన గుమ్మడికాయల్నీ బియ్యం బస్తాల్నీ ఆఖరికి కాళ్ళు కట్టిన కోళ్ళనీ పేరు పేరునా తలుచుకుని, గొంతు సవరించుకుని, మామిడి మొక్కనీ కట్టిన చేతుల్నీ కూడా దీవించమంది.

నాలుగేళ్ళకి చెట్టు కాసింది. కాండం మీద ఆ గాడి మచ్చ ఇంకా ఉంది. మొదటి పండు కోసి పాపాయి అందరికంటే ముందు అక్కకే తెచ్చింది.

"ఎలా ఉందక్కా?"

"కాస్త పులుపు" అంది సంపూర్ణమ్మ, ఇంకో ముక్క అందుకుంటూ.