మా అక్క వేలికి ముద్ర లేదు

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు మంట. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ ఎక్కించండని తగువేసుకునేవాణ్ణి. ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఇది నా విషయంలోనే జరిగింది. అబద్ధం చెబితే నాకొచ్చేదేమీ లేదు.

పలాసలో ఒక గది అద్దెకు తీసుకుని ఫోను వాడకం తగ్గించే యాప్ తయారుచేస్తున్నాను. పెట్టుకున్న గడువు దాటితే ఆటలూ వీడియోలూ మూసుకుపోతాయి. మళ్లీ తెరవాలంటే ఇంట్లో ఒకరి వేలిముద్ర కావాలి. తెరిచినప్పుడల్లా నా ల్యాప్‌టాప్‌కి ఒక సందేశం వస్తుంది.

మొదట మా బావ ఫోనులో వేశాను. వాళ్ల ఊరు దగ్గరే, ఉద్దానంలో. బావకి పేకాట యాప్ పిచ్చి. కొబ్బరితోట పని గాలికొదిలేశాడు. ఒకరోజు తనే, "ఎయ్యరా బామ్మర్దీ, మీ అక్క ఏలే తాళం" అన్నాడు.

అక్క వేలు పడలేదు. పదివేళ్లూ పెట్టి చూశాం. ఏళ్ల తరబడి బట్టీలో జీడిపిక్కలు ఒలిచిన చేతులవి, జీడి నూనెకి ముద్రలు అరిగిపోయాయి. రేషన్ దగ్గరా ఆమెకి ఇదే తలనొప్పి. చేసేదిలేక ఒక రహస్య సంఖ్య పెట్టి అక్కకి మాత్రమే చెప్పాను.

వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో సందేశం వచ్చింది. అక్క వేలిముద్రతో తాళం తెరుచుకుందని.

నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. లేని ముద్ర ఎలా పడింది? ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. బండి తీశాను.

వీధిలోకే కేక వినిపించింది. పక్కింటామె గుమ్మంలో నిలబడి, "మొగుడూపెళ్లాల గొడవ బాబూ, మనకెందుకు" అంది. ఛీ, ఏం మనుషులు!

పెరట్లో బావ అక్కని కొబ్బరితాడుతో స్తంభానికి కట్టేశాడు. చేతులు వెనక్కి విరిచి కట్టాడు. పెదవి చీలి, రవికంతా రక్తం. కొబ్బరి కొట్టే కత్తి ఆమె మెడమీద తెగేలా నొక్కిపెట్టి, "నంబరు సెప్తావా, పీక కోసీమంటావా?" అని అరుస్తున్నాడు. మా అక్క మొండిది. "కోసీ. సెప్పను" అంది.

కత్తి లేచింది. చేతికందిన రోకలి తీసి వాడి మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నాకు జాలి కలగలేదు. వాడు కిందపడ్డాక కూడా కొట్టాను. అక్క అరిచేదాకా ఆపలేదు.

తర్వాత వాడి ఫోను చూశాను. తాళం తెరుచుకోనే లేదు. రహస్య సంఖ్య ఎవరూ నొక్కలేదు. అందులో అక్క ముద్ర అసలు నమోదై లేదు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ సందేశం ఇప్పటికీ ఉంది. నేను రాసిన కోడ్‌ని అక్షరం అక్షరం వెతికాను, తప్పు దొరకలేదు. మరో ఇద్దరికి చూపించాను, వాళ్లకీ అంతే.

మెడకి కుట్లు వేయించుకుని ఆస్పత్రి మంచం మీద అక్క అడిగింది. "నువ్వెలాగొచ్చినావురా? నీకెవులు సెప్పినారు?"

"నువ్వే" అన్నాను.

"నా సేతులు కట్టేసున్నాయి కదరా" అంది.

ఆ వేలు ఎవరిదో నాకు తెలీదు. మా అక్క మాత్రం బతికే ఉంది.