కట్ట కింద తూము

ఆఫీసులో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు. నదికీ, దానిలో కలిసే ప్రతి వాగుకూ మ్యాపు తయారుచేయడం ఆమె ఉద్యోగం. నిజానికి గీసేది కంప్యూటరే. ఉపగ్రహం కొలిచిన ఎత్తుపల్లాలు దాని ముందు పెడితే, నీళ్లు ఎటు పోతాయో తనే లెక్కకట్టి వాగులన్నీ చకచకా గీసేస్తుంది. తప్పులు వెతకడం మాత్రం మనిషి వంతు.

ఒకరోజు ఒక వాగు ఆమె కంట్లో పడింది. తిన్నగా వచ్చి, రైలు కట్ట దగ్గర టక్కున తిరిగి, కట్ట వెంబడే బుద్ధిగా పోతోంది. నీళ్లకు అంత బుద్ధి ఎక్కడిది!

"వదిలెయ్యమ్మా," అన్నాడు పై అధికారి. "ఇంత పెద్ద నదిలో ఒక్క వాగు ఎవరికి పట్టింది?"

"కట్ట అవతల జనం ఉన్నారు సార్. వరద సైరన్లు ఈ మ్యాపు చూసే కదా పెడతారు?"

ఆ అవతలే ఆమె అక్కా బావా ఇంటికి స్థలం కొని, పునాదికి కొలతలు తీసి ఉంచారు. అక్కడి దారులన్నీ బావకు కొట్టిన పిండి. సెలవు రోజున ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లింది. ముళ్లపొదలు నరికి చూస్తే, కట్ట కింద మనిషి నిలువునా పట్టేంత తూము! ఉపగ్రహానికి పైనున్న కట్టే కనిపించింది గానీ కింది దారి ఎలా కనిపిస్తుంది పాపం? బావ చొక్కా పీలికలైపోయింది. "చూశావా, నేను లేకపోతే నీ పని అయ్యేదా?" అని తెగ మురిసిపోయాడు.

మర్నాడు ఆ తూమును లెక్కలో చేర్చి మళ్లీ గీయించింది. వాగు కట్ట దాటింది. అవతలి వీధులన్నీ వరద వచ్చే చోట్ల జాబితాలో చేరాయి. వాటి నట్టనడుమ అక్క స్థలం.

సాయంత్రం అక్క వాళ్ల అద్దె ఇంటికి వెళ్లి చెప్పేసింది. బావ ముఖం మాడిపోయింది.

"తూము సంగతి మనిద్దరికే కదా తెలుసు. మర్చిపోరాదూ?"

"నీళ్లకు కూడా తెలుసు బావా."

అక్క భగ్గుమంది. "ఇంకెవరూ దొరకనట్టు సొంత అక్క ఇంటి మీదికే వాగును తెచ్చావుటే?"

"నేను తేలేదక్కా. అది ఎప్పటినుంచో అక్కడే ఉంది. మీరు నిద్రలో ఉన్నప్పుడు వరద వస్తే, సైరన్ మోగాలి." అక్క ఎంత అరిచినా ఆమె మాట మార్చలేదు.

మ్యాపు పంపేసింది. అక్క మాటలు మానేసింది. ఫోను చేస్తే బావే ఎత్తి "ఇంట్లో లేదు" అనేవాడు. వెనక అక్క గొంతు వినిపిస్తూనే ఉండేది. అయినా ఆమె ఆ మ్యాపు జోలికి మాత్రం మళ్లీ పోలేదు.

వానలకు ముందే ఆ వీధి మొదట్లో సైరన్ స్తంభం లేచింది. ఆ సాయంత్రం ఫోను మోగింది.

"ఏమే మొండిఘటం," అంది అక్క, "పునాది ఎంత ఎత్తు లేపాలో నువ్వొచ్చి చెప్పు. మీ బావను నమ్మితే మునుగుతాం."