పలకకు చలేసిన ఆదివారం

మద్రాసులో ఒక పాటల స్టూడియోను తగలబెట్టబోయి, దేవుడి దయవల్ల పొగతో సరిపెట్టినవాణ్ని నేను. ఈ సంగతి నా అంతట నేను ఎవరికీ చెప్పుకోను. చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే నా నేరం క్యాసెట్టులోనే రికార్డయి ఉంది. కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నవ్వొస్తే మొహమాటపడకండి, నాకు అలవాటే.

ఎనభైల మొదట్లో నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాననే పేరుతో జుట్టు పెంచుతున్నాను. మా నాయన నన్ను చూసినప్పుడల్లా మంగలి అంగడికి దారి చెప్పేవాడు. నా స్నేహితుడు డేవిడ్ చర్చిలో హార్మోనియం వాయించేవాడు, డ్రమ్ములు కూడా వచ్చు. నాకు గిటారు నేర్పింది వాడే. తీగలు నొక్కే పట్లు నాలుగు నేర్పాడు. ఐదో పట్టు అవసరం మనుషులకు ఉంటుందని నాకప్పట్లో తోచలేదు. పల్లె పాటలకు గిటారు కలిపి వాయించే విదేశీ బృందాల గురించి ఎక్కడో చదివి, మనకేం తక్కువ అనుకొని ఇద్దరం ఒక బృందం పెట్టాం. పేరు ‘తీగా తోలూ’. తీగ నా గిటారు. తోలు కోసం వెతుకుతుంటే మునెయ్య మామ దొరికాడు.

మునెయ్య మామది కార్వేటినగరం పక్కన పల్లె. అరవై ఏళ్లుంటాయి. పలక కొట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. పలకంటే మా వైపు డప్పు. గడ్డి మంట మీద కాస్తే తోలు బిగిసి కంగుమంటుంది. చల్లబడితే మళ్లీ కాయాలి. నేను చిన్నప్పటినుంచీ జాతరల్లో చూసిందే ఇది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, నా తెలివి ఎంతటిదో కొలవడానికి పనికొస్తుంది.

మేం వెళ్లేసరికి ఆయన పలక గోడకు తగిలించి ఉంది. అంతకు ముందు జాతరకు ఊళ్లోకి మైకుసెట్టు వచ్చిందట. క్యాసెట్టు పెడితే పొద్దస్తమానం పాటలు వస్తున్నాయి కదా, ఇక పలక ఎందుకన్నారట పెద్దలు. ఆయన ఎవరినీ తిట్టలేదు. మా బృందంలోకి రమ్మని అడిగితే ఒకే ఒక్క మాట అడిగాడు.

“మీరు చేసే క్యాసెట్టు ఆ మైకులో పెడతారా అబ్బోడా?”

పెడతారని చెప్పాను.

“అయితే వస్తా. ఆ గొట్టంలోంచి నా పలక వినపడల్ల. మా ఊళ్లో వినపడల్ల. నాకింకేం వొద్దు.”

తప్పకుండా వినబడుతుంది మామా అని చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాను. అంత ముచ్చటగా మాటిచ్చినవాడే ఆ మాటను ఎలా కాల్చబోయాడో ఇక వినండి.

మా క్యాసెట్టుకు నేను పెట్టుకున్న నియమం ఎనిమిది పాటలు, ఎనిమిది రకాలు. ఒకటి గిటారు దరువు, ఒకటి చెక్కభజన, ఒకటి చర్చిపాట ఫక్కీ, ఒకటి జోలపాట, ఒకటి కాళ్లు నిలవనీయని డిస్కో, ఇలాగ. డేవిడ్ విని, ఎనిమిది ఇళ్లల్లో రేడియో ఒకేసారి పెట్టినట్టుంది అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఎనిమిదోది మాత్రం ఉత్త పలక మీద నడిచే పాట. దాని సాహిత్యం నాదే. విశ్వం, మానవుడు, అనంతం మీద ఇరవై నాలుగు చరణాలు. ఎవరికీ అర్థం కాకపోవడం దాని గొప్పతనమని నా నమ్మకం.

డేవిడ్ మేనమామకు మద్రాసులో ఒక సౌండు ఇంజనీరు తెలుసు. ఆయన దయతలచి, ఒక ఆదివారం స్టూడియో ఖాళీగా ఉంటుంది, సాయంత్రం ఐదింటిదాకా వాడుకోండి అన్నాడు. ఆ ఒక్క రోజే. ముగ్గురం తెల్లారుజామున నగరి మీదుగా బస్సులో వెళ్లాం. పెద్ద గాయకుడిలా కనబడాలని నేను మద్రాసు ఎండలో ఉన్ని స్వెట్టరు వేసుకున్నాను. స్టూడియో దగ్గరికి చేరగానే మునెయ్య మామ పక్కనున్న టీకొట్టు వెనక నాలుగు గడ్డిపోచలు వెలిగించి పలక కాచుకున్నాడు. ఒక్క దెబ్బ వేస్తే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

ఇంజనీరు సారు కూడా విన్నాడు. ఆయన తమిళాయన, మాట తక్కువ. “ఇది కొడితే మిగతావేవీ వినపడవు. దీన్ని కడాకు, అన్నిటి తర్వాత పెట్టుకోండి” అన్నాడు. సరే అన్నాం.

లోపల ఏసీ. నేను అంతకు ముందు అలాంటి చలి తిరుమల కొండ మీద మార్గశిరంలో మాత్రమే చూశాను. ఒకటో పాట, రెండో పాట, మూడో పాట. నేను వాయించడం, తప్పడం, డేవిడ్ కళ్లు మూసుకోవడం, మళ్లీ మొదలు. మునెయ్య మామ మూల స్టూలు మీద పలకను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, ఆసుపత్రికి బిడ్డను తెచ్చినవాడిలా. మధ్యాహ్నం దగ్గరికి పిలిచాడు.

“అబ్బోడా, పలకకు సలేస్తా ఉండాది.”

ఏసీ అంటే అలాగే ఉంటుంది మామా అని చెప్పి, మహా ఉదారంగా నా స్వెట్టరు విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని పలకకు తొడిగాడు. నేను నవ్వాను. నవ్వి ఐదో పాటకు వెళ్లిపోయాను.

ఏడు పాటలు అయ్యేసరికి నాలుగు దాటింది. మునెయ్య మామ స్వెట్టరు విప్పి మైకు ముందు నిలబడి పుల్ల ఆడించాడు. తడిసిన గోనెసంచి మీద తట్టినట్టు ‘దబ్’మంది. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ దబ్. అద్దం అవతల ఇంజనీరు సారు గడియారం చూసుకున్నాడు. మునెయ్య మామ నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అడగడం కూడా లేదు. గోడకు తగిలించిన పలకను చూపించిన రోజు ఎలా చూశాడో అలాగే చూశాడు.

ఇంజనీరు సారు కాఫీ తాగి వస్తానని, ఈలోగా ఏదో ఒకటి తేల్చుకోమని బయటికి వెళ్లాడు. మునెయ్య మామ పలక చంకన పెట్టుకొని లేచాడు.

“బయటికి పోయి కాస్తాం. రొంత గడ్డి దొరికితే సాలు.”

“గడ్డి వెతికేసరికి ఐదవుతుంది మామా. ఇక్కడే కాద్దాం. రెండు నిమిషాలు.”

“లోపలొద్దు అబ్బోడా. యాడా కిటికీ కూడా లేదు.”

గదికి కిటికీ లేదని అరవై ఏళ్ల మనిషి గమనించాడు, డిగ్రీ చదివేవాడు గమనించలేదు. ఇనుప చెత్తబుట్ట లాగి, అందులో కాగితాలు కుక్కి, అవి చాలక మైకు స్టాండు దగ్గరున్న కాగితాలు కూడా వేసి అగ్గిపుల్ల గీశాను. మంట చక్కగానే వచ్చింది. మునెయ్య మామ పలకను మంట మీద తిప్పాడు. డేవిడ్ మాత్రం తలుపు వైపు జరిగాడు. వాడికి మొదటినుంచీ నా మీద సరైన అంచనా ఉంది.

మంట అయిపోయాక పొగ మొదలైంది. పోవడానికి దారి లేని పొగ ఎంత తీరుబడిగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఏసీ దాన్ని లోపలికి పీల్చి, చల్లబరిచి, మళ్లీ మాకే పంపింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఇంజనీరు సారు చేతిలో కాఫీ గ్లాసుంది. ఆయన ఆ కాఫీని చెత్తబుట్టలో పోశాడు. తర్వాత వేలు పెట్టి తలుపు చూపించాడు.

నేను తీగలు సర్దడం మొదలుపెట్టాను. మునెయ్య మామ మాత్రం అలవాటు కొద్దీ, కాచిన పలకను ఒక్కసారి వేలితో మీటాడు.

కంగుమంది. ఆ గదిలో పొద్దుటినుంచీ మేం చేసిన చప్పుళ్లన్నీ ఆ ఒక్కదాని ముందు దిగదుడుపే. ఇంజనీరు సారు చూపించిన వేలు అలాగే ఆగింది. పలక వైపు చూశాడు, నా వైపు చూడకూడదనుకొని చూడలేదు, తన గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. “ఒక్కసారే. సల్లబడకముందే కొట్టు పెద్దాయనా” అన్నాడు మైకులో.

పాడవలసింది నేను. నా ఇరవై నాలుగు చరణాల కోసం స్టాండు దగ్గర తడుముకున్నాను. అక్కడ లేవు. బుట్టలోకి చూశాను. విశ్వం, మానవుడు, అనంతం కాఫీలో నానుతున్నాయి. రాసినవాడికి కూడా అందులో ఒక్క ముక్క నోటికి రాదు.

“పాట కాలిపోయింది మామా” అన్నాను, ఏడుపు గొంతుతో.

“పోతే పోనీలే. నాకొకటి వొచ్చు” అని దరువు ఎత్తుకున్నాడు.

అది శనక్కాయలు పెరికేటప్పుడు ఆయన భార్య చెంగమ్మత్త పాడే పాట. పొద్దు వాలిపోతున్నా గనిమ గట్టు మీద కూర్చొని బీడీ తాగుతున్న మొగుణ్ని ఎత్తిపొడిచే పాట. దాన్ని ఆ మొగుడే పాడుతున్నాడు, సిగ్గుపడుతూ, నవ్వుతూ. పలక ఉరుముతోంది. డేవిడ్ ఏడుస్తున్నాడు. పొగకని తర్వాత చెప్పాడు. నేను నోరు రెండు చేతులతో మూసుకొని దగ్గు ఆపుకుంటున్నాను. ఆపుకున్నాను, ఆపుకున్నాను, చివరి చరణం ముందు ఆయన దరువు ఆపిన ఆ ఒక్క క్షణంలో మూడుసార్లు దగ్గాను. పాట ముగిసేసరికి ఐదయింది, మళ్లీ తీయడానికి వీల్లేదు.

ఆ మరుసటి జాతరకు మైకుసెట్టు అబ్బాయి మా క్యాసెట్టు పెట్టాడు. నా ఏడు రకాల ఏడు పాటలూ వచ్చాయి, పోయాయి, బొరుగులు కొనేవాళ్లు బొరుగులు కొన్నారు. ఎనిమిదోది మొదలైంది. మునెయ్య మామ గొట్టం కింద నిలబడి తలెత్తి చూస్తున్నాడు. జనం ఒక్కొక్కరే ఆయన చుట్టూ చేరారు. చెంగమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “నన్ను అడక్కుండా నా పాటెట్ట పాడినావు నువ్వు” అంది, నవ్వు ఆపుకోలేక. పాట అయ్యాక ఊరిపెద్ద వచ్చి, మైకు ఆపించి, పలక తెమ్మన్నాడు. ఎవరో పరిగెత్తి గడ్డి తెచ్చారు. ఆరుబయట, ఆకాశమంత కిటికీ కింద, మునెయ్య మామ పలక కాచుకున్నాడు. నాకు కళ్ల నీళ్లొచ్చాయి. ఈసారి పొగ నా వైపు లేదు.

దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. పాట మధ్యలో దగ్గి చెడగొట్టాను మామా అన్నాను. ఆయన పలక తిప్పుతూనే, “చెడగొట్టేదేందబ్బోడా, తాళం తప్పకుండా దగ్గినావు” అన్నాడు.

నేను నమ్మలేదు. కానీ ఆయన దరువు ఎత్తుకొని పాడుతూ ఆ చోటికి వచ్చి ఆగగానే, చుట్టూ ఉన్న పిల్లలందరూ క్యాసెట్టులో విన్నట్టే ఒక్కసారిగా మూడుసార్లు దగ్గారు. ఆ రోజునుంచి ఆ పల్లెల్లో నేను గిటారు అబ్బాయిని కాను, దగ్గిన అబ్బాయిని. అందుచేత సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మూసిన గదిలో అగ్గిపుల్ల గీయను. మా ఇంట్లో హారతి కూడా మా ఆవిడే వెలిగిస్తుంది. ఇక దగ్గంటారా, అది మనిషి చేతిలో లేదు. వస్తే మాత్రం తాళం చూసుకునే దగ్గుతాను.