నెగటివ్ మీద కుంకుమ

తొంభైల చివర్లో నేను పుంగనూరులో సైన్సు టీచర్ని. శనివారం బడి వదలగానే కుప్పం బస్సెక్కేవాణ్ణి. అక్కడ రిటైరైన లెక్కల లెక్చరరు ఒకాయన మిద్దె మీద సొంతంగా టెలిస్కోపు కట్టుకుని, దానికి కెమెరా బిగించి ఆకాశాన్ని ఫోటోలు తీసేవాడు. ఊరికి ఆయన పిచ్చి అయ్యవారు, నాకు గురువు. ఫిలింలు మదనపల్లె స్టూడియోలో కడిగించుకొచ్చే పని నాది.

ఒక మహాలయ అమావాస్యప్పుడు వరసగా రెండు రాత్రులు తీసిన నెగటివుల్లో ఒక చుక్క మాత్రం పక్కకు జరిగింది. పట్టికలన్నీ వెతికినా అది ఎందులోనూ లేదు.

"కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాయప్పా. ఇట్లాటివి గుండ్రంగా ఉండవు, శెనక్కాయ మాదిరి సొట్టగా ఉంటాయి. తిరిగేకొద్దీ వెలుగు మారతాది" అన్నాడు.

ఆ చిన్న గ్రహాన్ని మేమే కనిపెట్టామని చెప్పాలంటే రెండు రాత్రుల స్థానాలూ కొలిచి విదేశంలోని ఖగోళ సంస్థకు పంపాలి. ఒక్క రాత్రిదైతే ఎవరూ పట్టించుకోరు. దసరా పండగ కానీ, కొలుద్దామన్నాడు.

ఆయుధపూజనాడు "సామాన్లకంతా బొట్లు పెట్టప్పా, నేను నీళ్లు పోసుకోనొస్తా" అని లోపలికి పోయాడు. స్టాఫ్‌రూములో దేవుడు లేడని గొంతు చించుకునే నేను గొట్టానికి పెట్టాను, కెమెరాకు పెట్టాను, నెగటివులకూ పెట్టాను. గంధం, దాని మీద కుంకుమ. మొదటి రాత్రి నెగటివు మీద బొట్టు సరిగ్గా ఆ చుక్క మీదే పడింది. అప్పుడైనా ఆయన్ని పిలవాల్సింది. బొటనవేలికి ఎంగిలి తడి చేసుకుని రుద్దాను. ఫిలిం పూత చుక్కతో సహా ఊడి గోటికింద ఎర్రటి జిగటగా చేరింది.

ఆయన వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "స్టూడియోవాడు సరిగ్గా కడగలేదు సార్, పూత నిలవక ఊడిపోయింది" అన్నాను. నోరా అది, తాటిమట్టా?

మర్నాడే మదనపల్లె పోయి స్టూడియోవాణ్ణి నానా మాటలన్నాడు. ఆ మనిషి చేతులు కట్టుకుని "ఎట్లా అయ్యిందో తెలీదు సామీ" అంటుంటే పక్కనే నిలబడి నేలచూపులు చూశాను. అంత నీచుణ్ణని నాకప్పటిదాకా తెలీదు.

తర్వాత ఐప్పసి నెల తుపాను వానలు పట్టుకున్నాయి. మబ్బు విడిచేసరికి ఆ రాయి యాడికి పోయిందో దొరకలేదు.

కొన్నేళ్లకు వేరే దేశంవాళ్లు దాన్ని కనిపెట్టారు. ఆయన దాని దారిని వెనక్కి లెక్కగట్టి చూసుకుంటే, మా రెండో రాత్రి చుక్క సరిగ్గా ఆ దారిలోనే ఉంది. నాకు ఫోన్ చేశాడు.

"కనిపెట్టినోళ్లే పేరు పెట్టచ్చంట. నీ పేరే పెడదామనుకుంటినప్పా. ఆ స్టూడియోవాడు చెడగొట్టినాడు."

"అవును సార్, వాడే" అన్నాను.