పూజలో పెట్టిన బాలు

మా ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి ఉందని పెళ్ళికి ముందే మా నాన్నకు ఎవరో చెప్పారట. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం గుంతలోకి దిగితే పొద్దుగూకే దాకా పైకి రాని మనిషి. "పేకాట కాదు, సారాయి కాదు. బాలే గదా, ఆడుకోనీలే" అన్నాడట. ఆ బాలు నా మంచం కిందే పడుకుంటుందని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆదోనిలో మేం కాపురం పెట్టింది పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీ వెనక సందులో. మా ఆయన అందులో ఫిట్టరు. ఫ్యాక్టరీ పక్కన ఖాళీ స్థలంలో తెల్లవారుజామున, హూటర్ కూసేలోపల వీళ్ళ ఆట, ఆదివారమైతే సాయంత్రం. కెప్టెనూ ఆయనే, ఆట నేర్పేవాడూ ఆయనే, బాలుకు కుట్లు వేసేవాడూ ఆయనే. తోలు బిరుసెక్కకుండా దానికి ఆముదం పట్టించేవాడు. మా ఇంట్లో ఆముదం నా తలకంటే దానికే ఎక్కువయ్యేది. ఆ వాసనకు కొత్తలో నాకు అన్నం సయించేది కాదు. దాన్ని సవతి అనేదాన్ని. ఆయన నవ్వేవాడు, నేను నవ్వడానికి అన్న మాట కాకపోయినా.

జట్టులో అందరూ ఆ ఫ్యాక్టరీ వాళ్ళే. గోల్‌కీపరు పత్తి బేళ్ళు మోసే హమాలీ. ఆదివారం పొద్దున చర్చికి పోయి, సాయంత్రం గోలు ముందర నిలబడేవాడు. బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే అన్నదమ్ములిద్దరు నమాజు చేసుకుని నేరుగా ఆటకు వచ్చేవాళ్ళు. కొత్తలో వీళ్ళంతా గుడ్డల ఉండ చుట్టి తన్నుకుంటుంటే ఫ్యాక్టరీ యజమాని, పెద్ద సావుకారి చూసి ముచ్చటపడి, బళ్ళారి నుంచి ఒక నిజమైన బాలు తెప్పించి ఇచ్చాడు. అది అబద్ధం కాదు. నేను ఇంతమందిని తిట్టినదాన్ని, ఆ ముసలాయన్ను ఏమీ అనలేను. కానీ ఆ బాలు ఎప్పుడో చిరిగిపోయింది. తర్వాతవన్నీ వీళ్ళు తలా కొంత వేసుకుని కొన్నవి. ఆడేటప్పుడు తొడుక్కునే ఊదారంగు చొక్కాల గుడ్డ మా నాన్న నేసింది. చెమట పట్టిందంటే ఆ చొక్కా తడిసిన గోనెసంచంత బరువయ్యేది. ఉతికేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఇక ఆ ఫ్యాక్టరీలో ఆయుధపూజ గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే పుట్టింది. పత్తి సీజన్ మొదలయ్యేది దసరా తర్వాతే. పండుగకు మిషన్లు కడిగి, బొట్లు పెట్టి, జిన్నుల ముందరి అరుగు మీద ఎవరి పనిముట్టు వాళ్ళు పెట్టేవాళ్ళు. కాటా గుమాస్తా తూకం రాయి, హమాలీ కొక్కెం, పత్తి ఏరే ఆడవాళ్ళు చాటలూ చీపుర్లూ. అన్ని మతాల వాళ్ళూ పెట్టేవాళ్ళు. గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచేవాళ్ళు. పెద్ద సావుకారి పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. పెట్టినవాళ్ళ చెయ్యే మర్నాడు పొద్దున ఆ పనిముట్టును తీయాలి. అరుగు మీద అన్నీ లేచేదాకా మిషన్లు తిప్పే బెల్టు తిరగకూడదు. ఒక ఏడు కాటా గుమాస్తా జ్వరంతో లేవలేకపోతే జట్కాలో పడుకోబెట్టి తెచ్చి మరీ ఆయన రాయి ఆయనతో తీయించారు.

ఫిట్టరు కాబట్టి మా ఆయన పానా పెట్టాలి. పానాలు పక్క ఫిట్టరుకు వదిలేసి, ఈయన బాలు పెట్టేవాడు. పండుగనాడు తల స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, ఆముదం పూసిన బాలును చంకలో పెట్టుకుని బయలుదేరుతుంటే సందులో ఆడవాళ్ళు నన్ను చూసి ముసిముసి నవ్వులు నవ్వేవాళ్ళు.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో పెద్ద సావుకారి చనిపోయాడు. కొడుకు చేతికి ఫ్యాక్టరీ వచ్చింది. చిన్న సావుకారి బెంగుళూరులో చదువుకుని వచ్చినవాడు, చెడ్డవాడేమీ కాదు, కానీ కంటికి కనబడిందంతా తనదనుకునే వయసు. ఆ దసరాకు పూజ అయ్యాక, బొరుగులు పంచుతూ అందరి ముందర అన్నాడట, ఇక నుంచి ఈ ఫుట్‌బాల్ క్లబ్బు మన ఫ్యాక్టరీది, దాని పేరు ఫ్యాక్టరీ పేరు, ఎమ్మిగనూరు టోర్నమెంటుకు మా బావమరిది కెప్టెనుగా పోతాడు అని.

మా ఆయన లేచి, "క్లబ్బు ఆడేటోళ్ళది సామీ" అన్నాడు.

"మా నాయన ఇచ్చిన బాలుతోనే గదా మొదలైంది?"

"అవును సామీ."

"ప్రతి ఏడూ మా మిషన్ల పక్కన, మా పూజలో పెడతాండావు గదా? నీదైతే ఈడెందుకు పెట్టినావు?"

మా ఆయనకు మాట తొందరగా రాదు. అయినా, "మొక్కేదానికి పెట్టినా సామీ. ఇచ్చేదానికి కాదు" అన్నాడట. అందరిలో అట్లా అనేసరికి చిన్న సావుకారికి తల కొట్టేసినట్టయింది. "రేపట్నుంచి నువ్వు గేటు లోపల కాలు పెట్టొద్దు" అన్నాడు. వాచ్‌మన్ను పిలిచి అప్పటికప్పుడు బయటికి పంపించాడు.

ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఉద్యోగం పోయిందని చెప్పి, ఆ మాట వెంటనే, "బాలు ఆడే ఉండిపాయ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బియ్యం డబ్బా గురించి అడగబోయి ఆయన ముఖం చూసి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆయనకు పోతున్నది ఆ తోలు ముద్ద ఒక్కటే కాదు. ఆడేవాళ్ళందరి కూడూ ఆ ఫ్యాక్టరీలోనే ఉంది. సావుకారి జట్టులో ఆడమంటే కాదనలేరు. బాలు ఆయన చేతికి రాకపోతే క్లబ్బు ఆయనది కాకుండా పోయినట్టే. పెళ్ళయినప్పటి నుంచి నేను విసుక్కున్న ఆ క్లబ్బు పోతోందంటే నాకెందుకు అంత కడుపు మండిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మర్నాడు పొద్దున హూటర్ కూసింది. మా సందులో హూటర్ తర్వాత బెల్టు చప్పుడు మొదలవుతుంది, గిన్నెలు సన్నగా అదురుతాయి. ఆ రోజు గిన్నెలు అదరలేదు. నేను పొయ్యి ముందర, ఆయన గడప మీద, ఇద్దరం చెవులు అటే పెట్టి కూర్చున్నాం.

లోపల జరిగింది తర్వాత గోల్‌కీపరు చెప్పాడు. ఎవరి పనిముట్టు వాళ్ళు తీసుకున్నారు. అరుగు మీద బాలు ఒకటి మిగిలింది. తీయాల్సిన మనిషిని గేటు బయటికి పంపించేటప్పుడు, ఆ మనిషి పెట్టింది పూజలో ఉందన్న సంగతి చిన్న సావుకారికి తట్టలేదు. గోల్‌కీపర్ను తీయమన్నాడు. "పెట్టినోడు తీయాల సామీ" అన్నాడు వాడు. ప్రెస్సు అన్నదమ్ములను తీయమన్నాడు. వాళ్ళూ అదే మాట. బావమరిది విసుక్కుంటూ చెయ్యి చాచేసరికి పత్తి ఏరే ఆడవాళ్ళు చాటలు కింద పెట్టి కూర్చున్నారు. చిన్న సావుకారి తానే తీసేవాడేమో గానీ, వాళ్ళమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. "మీ నాయన పోయినాక మొదటి సీజను. ఆయన మాట తప్పి బెల్టు తిప్పితే నేను ఈడ ఉండను" అందట ఆ తల్లి.

పొద్దెక్కాక వాచ్‌మన్ వచ్చాడు. "అన్నా, నిన్ను రమ్మంటాండారు."

"నిన్న పొమ్మన్న నోరే గదా అది" అన్నాను నేను. "ఆయన్నే వచ్చి పిలుసుకోమను."

మా ఆయన అప్పటికే చొక్కా తగిలించుకుంటున్నాడు. నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. "ఏమప్పా, సిగ్గు లేదా నీకు? ఒక పూటన్నా బెట్టు చేయరాదా?"

"దేవనకొండ నుంచి, హొళగుంద నుంచి బండ్లొచ్చి నిలబడినాయమ్మే. ఎద్దులు ఎండలో ఉండాయి" అన్నాడు. ఎద్దుల మాట తెచ్చాడు. పక్కకు తప్పుకున్నాను. తప్పుకుని, కొంగు నడుముకు దోపి ఆయన వెనకే పోయాను.

పత్తి బండ్లు రోడ్డు మలుపు దాకా ఉన్నాయి. గేటు బార్లా తెరిచి ఉంది. నేను ఒక బండి చక్రం పక్కన నిలబడ్డాను, అరుగు బాగా కనబడుతోంది. బాలు మీద కుంకుమ బొట్టు, చుట్టూ వాడిన బంతిపూలు. మా ఆయన దాని ముందరికి పోయి, చేతులు కట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"నీ బాలు తీసుకుని పోప్పా తొందరగా. పని మొదలు పెట్టాల" అన్నాడు చిన్న సావుకారి.

మా ఆయన కదలలేదు. "నా బాలేనా సామీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

హమాలీలు, ఆడవాళ్ళు, బండ్ల వాళ్ళు అందరూ చూస్తున్నారు. చిన్న సావుకారి వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె ఇంకెటో చూస్తోంది.

"నీదేలే" అన్నాడు.

అప్పుడు మా ఆయన వంగి తీశాడు. రెండు చేతులతో తీసి, కళ్ళకద్దుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వచ్చాడు. మేం సందు మొదట్లోకి వచ్చేసరికి వెనక బెల్టు చప్పుడు మొదలైంది. ఆ రోజు ఇంటికి పోయి ఆ బాలుకు ఆముదం నేనే పట్టించాను.

ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. ఈయన అడగలేదు. మా నాన్న నలుగురినీ అడిగి ఎమ్మిగనూరులో ఒక నూనె మిల్లులో పని చూపించాడు. పొద్దున ఆట ఆడుకుని బస్సెక్కేవాడు, చీకటిపడ్డాక దిగేవాడు. ఎమ్మిగనూరు టోర్నమెంటులో ఊదా చొక్కాలతోనే ఆడారు, ఈయనే కెప్టెను. రెండో ఆటకే ఓడిపోయి వచ్చారు, అది వేరే సంగతి. చిన్న సావుకారి అప్పటికే బెంగుళూరు నుంచి కొత్త జెర్సీలు తెప్పించి ఉన్నాడు. తొడుక్కునేవాళ్ళు లేక బావమరిది ఒక్కడే అది వేసుకుని బజార్లో తిరిగేవాడు.

మళ్ళీ దసరా వచ్చింది. నూనె మిల్లులో కూడా ఆయుధపూజ ఉంటుంది కాబట్టి బాలు అక్కడికే పోతుందనుకున్నాను. ఆయన తల స్నానం చేసి, పంచె కట్టుకుని, బాలు చంకలో పెట్టుకుని, బస్సు వేళ దాటిపోయాక వాకిలి దిగాడు.

"యాడికి?" అన్నాను.

"ఫ్యాక్టరీకి."

"కూడు పెట్టేది ఎమ్మిగనూరు, మొక్కేది ఈడా? నిన్ను గేటు బయటికి తోసినోళ్ళ అరుగు మీదనే మళ్ళీ పెడతావా?" ఇంకా ఏమేమో అన్నాను. సందులో వాళ్ళందరికీ వినబడింది.

ఆయన అంతా విన్నాడు. "పెట్టినోడే తీయాల గదమ్మే" అన్నాడు నిదానంగా. "రేపు వాళ్ళు గేటు తెరిచి నన్ను పిలవాల గదా."

ఏడాది పొడుగునా ఉద్యోగం గురించి ఒక్క మాట అనని మనిషి. గేటు ముందర నుంచి రోజూ బస్సుకు నడిచిపోయేటప్పుడు తల తిప్పి చూడని మనిషి. ఆ గేటు ఆయన లోపల ఎంత గుచ్చుకుని ఉందో నాకు అప్పుడు తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొయ్యి పొగ అన్నాను ఎవరో అడిగితే.

పండుగ రోజు ఎవరు వచ్చి పెట్టినా కాదనకూడదన్నది కూడా పెద్ద సావుకారి నాటి కట్టుబాటే కాబట్టి వాచ్‌మన్ లోపలికి వదిలాడు. బాలుకు బొట్టు చిన్న సావుకారే పెట్టాడట.

మర్నాడు హూటర్ కూసింది. గిన్నెలు అదరలేదు. ఇంకాసేపటికి వాచ్‌మన్ సైకిల్ దిగాడు. "అన్నా, బాలు తీద్దువు రా. సావుకారి గేటు కాడ నిలబడుకోనుండాడు."

ఈయన అప్పుడే టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. లేవలేదు. "వస్తాండానని సెప్పు" అన్నాడు. ఊదుకుంటూ, ఒక్కొక్క గుక్కే తాగాడు. ఆ పొద్దు ఎద్దుల మాట ఆయనా తేలేదు, నేనూ తేలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక నా వైపు చాచాడు. నేను ఇంకో గ్లాసు పోశాను.