ఒక ప్రాసెస్, ఇద్దరు అన్నదమ్ములు

2023 మార్చి. ఆర్మూరు పసుపు మార్కెట్‌లో వేలం జోరు మీదుంది. నేను ఊళ్లోనే చిన్న సాఫ్ట్‌వేర్ షాపు నడుపుతాను. పెద్ద సేటు గంగాధర్, చిన్న సేటు శ్రీనివాస్ అన్నదమ్ములు. ఇద్దరూ అడ్తిదార్లు, అంటే రైతుల పసుపును వేలంలో అమ్మిపెట్టేవాళ్లు. వేరుపడి మూడేళ్లయినా దుకాణం ఒకటే, కంప్యూటర్ ఒకటే, పసుపులో తేమ కొలిచే మీటరూ ఒకటే. ఇద్దరి మధ్య మాటలే లేవు. తేమ కొలిచి చీటీ రాసే ప్రోగ్రాము మాత్రం ఇద్దరూ నన్నే అడిగారు.

“నా రైతుల పేర్లు గాయనకు కనవడొద్దు బిడ్డా. గాయన రైతులు నాకొద్దు,” అన్నాడు పెద్ద సేటు. చిన్న సేటుదీ అదే షరతు.

రెండు ప్రోగ్రాములు విడిగా నడుపుదామంటే, మీటర్ కేబుల్‌ను ఒకసారికి ఒక్క ప్రాసెసే పట్టుకోగలదు. ప్రాసెస్ అంటే కంప్యూటర్‌లో నడుస్తున్న ఒక ప్రోగ్రాము. నేను వాడేది జావాలో ఒక మాడ్యులర్ ఫ్రేమ్‌వర్క్. ప్రోగ్రామును మాడ్యూళ్లనే ముక్కలుగా రాసుకుని, నడుస్తుండగానే ఏ ముక్కనైనా తీసి పెట్టుకోవచ్చు. ఒకే ప్రాసెస్‌లో ఆ ఫ్రేమ్‌వర్క్‌ను రెండుసార్లు లేపాను, అన్నకొకటి, తమ్ముడికొకటి. వేరే ఫోల్డర్లు, వేరే మాడ్యూళ్లు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఒకటి ఉన్నట్టు ఇంకోదానికి తెలియదు. మొదటిసారి నడిచినప్పుడు ఒళ్లు పులకరించింది. నా అంతటిది లేదని కూడా అనుకున్నాను.

వారం తిరగలేదు. మెండోర ఊరి నుంచి నర్సవ్వ పెద్ద సేటు దగ్గరికి తెచ్చిన కుప్పకు చీటీ మీద తేమ పద్దెనిమిది శాతం అని వచ్చింది. తడి పసుపంటే వ్యాపారులు ఆ కుప్ప దగ్గర ఆగనే ఆగరు. తొమ్మిది నెలల పంట. వ్యాపారులు అప్పటికే పక్క వరసలో ఉన్నారు.

నర్సవ్వ ఒక కాడి, అంటే పొడుగు పసుపు కొమ్ము, తీసి మా ముందే విరిచింది. ఠప్పుమంది.

“ఇన్నరా? తడి పసుపు గిట్ల పలుకుతదా?”

“మిషన్ అబద్ధమాడుతదా అవ్వా?” అన్నాడు పెద్ద సేటు. అంతలోనే అనుమానం తమ్ముడి మీదికి పోయింది. “నా చీటీలల్ల వీడే ఏదో చేసిండు!”

చిన్న సేటు కుర్చీలోంచి లేచాడు. కంప్యూటర్ రాసుకున్న చిట్టా తెరిచి చూస్తే, ఇద్దరూ క్షణం తేడాతో కొలత అడిగారు. మీటర్‌ను చదివే కోడ్‌ను రెండు ఫ్రేమ్‌వర్క్‌లకూ బయట, ఉమ్మడిగా పెట్టింది నేనే. చివరి కొలతను దాచే స్టాటిక్ వేరియబుల్, అంటే ప్రాసెస్ మొత్తానికి ఒకే ఒక్క గడి, అక్కడుంది. చిన్న సేటు దగ్గరి తడి కుప్ప అంకె అందులో పడి, నర్సవ్వ కుప్పను కొలవకముందే ఆమె చీటీకి ఎక్కింది.

“తప్పు నాది సేటూ. చిన్న సేటు ఏం జెయ్యలే,” అన్నాను. “మళ్ల కొలవాలె. సక్కగ రావాలంటె ఇద్దర్ల ఒకరిది ఆపాలె.”

చిన్న సేటు రైతులూ వరసలో నిలబడే ఉన్నారు.

“నాది ఆపు,” అన్నాడు చిన్న సేటు. “ముందుగాల గా అవ్వది కొలువు.”

ఆపాను. అతని ఫ్రేమ్‌వర్క్ ఒక్కో మాడ్యూలే దిగిపోయింది. అదే ప్రాసెస్‌లో ఉన్న పెద్ద సేటుది మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. రాసింది నేనే అయినా నోరు తెరుచుకుని చూశాను. నర్సవ్వ పసుపు మళ్లీ కొలిస్తే మీటర్ తొమ్మిది చూపింది, బాగా ఎండిన పసుపే. కొత్త చీటీ కుప్ప మీద పెట్టామో లేదో, వ్యాపారులు ఆ వరసలోకి తిరిగారు.

పెద్ద సేటు కుర్చీ ముందుకు జరిపాడు. తర్వాత తమ్ముడితో, “కూసో రా,” అన్నాడు.

ఆ సాయంత్రమే స్టాటిక్ గడి తీసేసి, ప్రతి కొలతకూ అడిగినవారి గుర్తు జతచేశాను. ఏవి వేరు చేశానో అన్నీ నాకు కంఠతా వచ్చు. ఉమ్మడిగా ఏం మిగిలిందో మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు. ఇప్పుడు మొదట చూసేది అదే.

కాని నన్ను ఇప్పటికీ వదలనిది నర్సవ్వ పోతూ పోతూ అన్న మాట.

“నువ్వు మిషన్ తప్పంటె అందరు నమ్మిండ్రు బిడ్డా. నా చెయ్యి చెప్తె నమ్మకపోతిరి.”

అప్పటినుంచి నేను రాసే ప్రతి ప్రోగ్రాములో ‘రైతు ఒప్పుకోలేదు’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే, మళ్లీ కొలిచేదాకా మిషన్ చెప్పింది చెల్లదు.