భక్తిగల మేకపోతు

నిన్న ఉప్పల్ బస్టాపులో వానకు తడిసిన మేక ఒకటి ఒళ్లు విదిలించి నా ఇస్త్రీ చొక్కా నాశనం చేసింది. తిట్టబోయి ఆగిపోయాను. నాచారంలో నాతో పెరిగిన మహానుభావులారా, మా మేకపోతు గుర్తుందా?

బోనాలకని నెల ముందే తెచ్చారు. మహా పిరికిది. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరేది. ఆదివారాలు స్నానం చేయించేది నేనే కనుక దాని గుణం నాకు తెలుసు. చెవి మీద చుక్క పడితే చాలు, తోకదాకా విదిలించేది.

బోనాల రోజు గుడి ముందు దాని మీద పసుపునీళ్లు పోశారు. ఒళ్లు విదిలిస్తే బలికి ఒప్పుకున్నట్టు, అప్పటిదాకా కత్తి ఆగాలి. పక్కింటివాళ్ల మొండి మేక అరగంట కదల్లేదు. మాది మొదటి చెంబుకే ఒప్పుకుంది.

“సూడున్రి, ఎంత భక్తో!” అని మా మేనమామ మురిసిపోయాడు.

“భక్తి కాదు మామా, భయం. నీళ్లు పడితే అది ఎప్పుడూ గిట్లనే జేస్తది.”

“నువ్వేమన్న దాని వకీలువారా? జర పక్కకు జరుగు.”

జరిగాను. దాని పిరికితనం నాకు ముందే తెలుసు, నాది అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం కూర రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.